దేవ్లి ఇంటి పొగ

1987 జనవరి 6, బూర్గంపాడు

ఈ రోజు భద్రాచలంలో స్కాలర్ల సమావేశం. ఈ అడవి అంచున ఎన్ని రకాల పరిశోధనలు జరుగుతున్నాయో ఇప్పుడే తెలిసింది. ఒక ఎం.టెక్. కుర్రాడు సిమెంటులో ఇనుప చువ్వలకు బదులు వెదురు బద్దలు పెట్టి, అవి ఎప్పుడు విరుగుతాయా అని చూస్తున్నాడు. గణితంలో ఎం.ఫిల్. చేసే ఒకాయన రాములవారి కల్యాణానికి వచ్చే జనం క్యూ మీద సమీకరణాలు రాస్తున్నాడు. ఆయన ఇంతవరకు ఒక్క కల్యాణానికీ వెళ్లలేదట. మా సీనియర్ ఒకామె బడిపిల్లల మలం సీసాల్లో పట్టి నులిపురుగులు వెతుకుతోంది. మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని పులిహోర తినాల్సి వచ్చింది. నాలుగు ముద్దలు కూడా దిగలేదు.

లేచిన ప్రతివాడూ ప్రజల కోసమే చేస్తున్నాం అన్నాడు. ప్రజలు ఒక్కరూ రాలేదు. టీ ఇచ్చినాయన వచ్చాడు, కప్పులు తీసుకుని పోయాడు.

మాది పొగ రాని పొయ్యి. ఒక పొయ్యి మీద ముగ్గురికి డిగ్రీలు. సారంగపాణి, ఎం.టెక్., పొయ్యి కడతాడు. వెంకటరామారావు, గణితంలో పీహెచ్.డి., లెక్కలు చూస్తాడు. నేను, డాక్టర్ ప్రమీలారాణి, సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎం.డి. చేస్తున్నదాన్ని, ఆడవాళ్ల దగ్గు చూస్తాను. ముగ్గురి పైనా ఒకే ప్రొఫెసర్. ఆయన వక్కపొడి నములుతూ ఉపన్యాసం ఇస్తారు. ముందు వరసలో కూర్చోవడం నా తప్పు. పైట ఉతికినా మరక పోలేదు.

జనవరి 8

మేం దిగిన ఇల్లు పద్మావతమ్మ గారిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ మిరప వేసి బాగుపడిన కుటుంబం. వెనక గది నాది, వీధి గది మగవాళ్లిద్దరిది. మరుగుదొడ్డి మాత్రం ఒక్కటే. వెంకటరామారావు అందులోకి పేపరు పట్టుకుని వెళతాడు. మొత్తం చదివి గానీ బయటికి రాడు. అదే పేపరు భోజనాల దగ్గర పరిచి కంచం పెట్టుకుంటాడు. సత్తుపల్లిలో వాళ్లది పెద్ద కుటుంబమట. అయితే ఏం?

సారంగపాణి ఇల్లెందు వాడు. తండ్రి బొగ్గు బాయిలో పని. గోళ్లలో ఎప్పుడూ మట్టి ఉంటుంది, ఆ చేత్తోనే మిర్చి బజ్జీ అందిస్తాడు. కానీ మనిషి మంచివాడు. మా అమ్మ బొగ్గుల పొయ్యి కాడ కూసోని కూసోని ఊపిరి తీస్కోలేకపోతుంది మేడం, అందుకే ఈ టాపిక్ తీస్కున్న అన్నాడు.

నేను అందుకు తీసుకోలేదు. ప్రొఫెసర్ గారు ఇచ్చారు, తీసుకున్నాను.

జనవరి 11

మొదటిసారి తండాకు. జీపులో కొంత దూరం, నడక కొంత. దారి పొడవునా వెదురు లారీలు, వాటి వెనక దుమ్ము. అది లంబాడీల తండా. వెదురు తడికెల గోడలు, గడ్డి కప్పు, లోపల ఒక మూల పొయ్యి. పొయ్యి పైన వాసాలకు ఏవేవో వేలాడుతుంటాయి. సొరకాయ బుర్రలు, మక్క కంకులు, మూటలు. అన్నిటికీ మసి. సాలెగూళ్లకు కూడా మసి. ఒక బుర్ర మీది నుంచి నల్లటి చుక్క జారి నా తెల్ల కోటు మీద పడింది. ఇక తెల్ల కోటు వేసుకోను.

నా పని ప్రశ్నలు అడగడం. పొద్దున లేవగానే దగ్గు వస్తుందా? తెమడ పడుతుందా? ఏ రంగు? చెంచాడా, ఇంకా ఎక్కువా? ఇంటింటికీ వెళ్లి ఇదే. ఒకామె చెప్పడం చేతగాక చూపించింది. ఆరేళ్లు డాక్టరు చదువు చదివి చివరికి నేను తెమడ రంగులు రాసుకుంటున్నాను.

ఆ తర్వాత ఊదుడు గొట్టం. బలంగా ఊదితే ముల్లు కదులుతుంది, ఊపిరితిత్తుల్లో సత్తువ ఎంతో తెలుస్తుంది. అందరి నోళ్లలోనూ పొగాకు. ప్రతి మనిషి తర్వాతా గొట్టం మూతి తుడిచేది నేనే.

లాలి అనే ఆమె ఒక్కతే నవ్వుతూ ఊదింది. నా ఈడుదే. భర్త పూల్‌సింగ్, ఇద్దరు పిల్లలు. కళ్లు ఎర్రగా, రెప్పలు వాచి ఉన్నాయి. ఎవరికిచ్చినా ఇయ్యకున్నా నాకు మాత్రం ఆ పొయ్యి గావాలె డాక్టరమ్మా, వండేటప్పుడు పక్కన కూసున్న నా బిడ్డ మొఖం నాకే కనబడది అంది. ఈ తండాలో నాకు అసహ్యం కలగని మనిషి ఈమే.

జనవరి 19

చిట్టీలు వేశాం. సగం ఇళ్లకే పొయ్యి. మిగతా సగం కంట్రోల్ గ్రూప్. అంటే వాళ్లు పాత పొయ్యి మీదే పొగలో వండుకోవాలి, మేం వచ్చి వాళ్ల దగ్గు రాసుకోవాలి. లేకపోతే పొయ్యి వల్లే మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది? ఇది సైన్స్. నాకు అర్థమైంది. తండా నాయక్ హాతీరాంకు అర్థం కాలేదు. ఇచ్చేదైతే అందరికీ ఇయ్యాలె, లేకుంటే ఎవ్వలకూ ఇయ్యొద్దు, గిదేం పద్ధతి సారూ అని చాలాసేపు అడిగాడు. వెంకటరామారావు గొడుగు కింద కుర్చీ వేసుకుని ఆయనకు ప్రాబబిలిటీ చెప్పాడు. హాతీరాం చివరికి, అంటే ఇది దేవుని చిట్టీయే గద అన్నాడు. వెంకటరామారావు అవునన్నాడు. త్వరగా ముగించి పోవాలని.

ఇంటికొకరు వచ్చి స్టీలు చెంబులో చెయ్యి పెట్టారు. లాలికి ఖాళీ చిట్టీ వచ్చింది. హాతీరాం తల్లి దేవ్లికి పొయ్యి చిట్టీ. ముసలమ్మ వెంటనే గొడవ పెట్టుకుంది. మా అత్త ఏసిన పొయ్యి, గడ్డపార పెడితే చేతులిరుగగొడత అంది. వాళ్ల భాషలో ఇంకా చాలా అంది. నోట్లో చుట్ట తియ్యకుండానే అంది.

లాలి నా వెనకే జీపు దాకా వచ్చింది. అడగలేదు. ఏడుస్తూ నిలబడింది. పొగకు వచ్చే నీళ్లో, ఏడుపో నాకు తెలియలేదు.

నేను రెండు చిట్టీలూ మార్చాను. దేవ్లికి చెప్పే మార్చాను, ఆమె సంతోషంగా తీసుకుపో అంది. పేర్లు రాసేది నేనే కాబట్టి మా వాళ్లెవరికీ తెలియదు. ఇక్కడికి వచ్చాక నేను చేసిన మంచి పని ఇదొక్కటే.

జనవరి 30

పొయ్యిలు కట్టడం అయింది. సారంగపాణి లాలి ఇంటి కప్పు ఎక్కి గొట్టం చుట్టూ బంకమట్టి పూశాడు. పొయ్యి వెలిగించారు. పొగ అంతా గొట్టంలోంచి బయటికి పోయింది. లోపల ఏమీ లేదు. లాలి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది, వండటానికి ఏమీ లేకపోయినా.

సారంగపాణి కిందికి దిగి ముఖం అటు తిప్పుకున్నాడు. ముక్కు చీది చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 17

లాలి కళ్లు తేటపడ్డాయి. గొట్టం ముల్లు కూడా పైకి వెళ్లింది. కొత్త పొయ్యి వెలిగించడానికి మొదట భయపడిన ఇళ్లవాళ్లను కూడా ఆమే తిరిగి ఒప్పించింది. నా ఇంట్ల సూడుండ్రి, నా కండ్లు సూడుండ్రి అని ఇల్లిల్లూ తిరిగింది. ఈ పనికి జీతం తీసుకునేది మేం.

ఈ రోజు పరిశుభ్రత మీద నా ఉపన్యాసం. ఇప్పుడు పొగ లేదు కాబట్టి ఇళ్లలో పాత మసి దులుపుకోమని చెప్పాను. లాలి అప్పటికప్పుడే వాసాలు దులిపి, బుర్రలు దించి, బూడిద పెట్టి తోమి మళ్లీ వేలాడదీసింది. పసుప్పచ్చగా మెరిశాయి. ఫొటో తీశాను. థీసిస్‌లో పెట్టుకోవచ్చు.

చిన్నప్పుడు మా ఊళ్లో, మధిర దగ్గర, నాయనమ్మ వంటింట్లో కూడా ఇలాగే కంకులు వేలాడేవి. పెరుగులో మసి రాలేది. నేను ఆ పెరుగు ముట్టేదాన్ని కాదు. ఇప్పుడు నాన్న విత్తనాలు షాపులో సంచులు కొంటాడు. ఆ వంటిల్లు పడగొట్టేశాం.

మార్చి 21

పొగ కొలిచే పెట్టె ఒకటుంది. లోపల గాలి పీల్చే చిన్న మోటారు, ముందు గుండ్రటి తెల్ల కాగితం. పొయ్యి దగ్గర పెడితే కాగితం మీద మసి పడుతుంది. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూచితే ఎంత పొగో తెలుస్తుంది. దేవ్లి ఇంట్లో పెడితే కాగితం తారురోడ్డు. లాలి ఇంట్లో పెడితే నల్లగా లేదు. కానీ బరువుంది. వేలితో రాస్తే పిండి. జొన్న పిండి లాంటి పొడి.

పైకి చూశాను. వాసాల వెదురు నుంచి రాలుతోంది. చిన్న చిన్న రంధ్రాలు. పిల్లల తలల మీద, అన్నం మీద, నీళ్ల కుండ మీద పడుతోంది. పూల్‌సింగ్ ఇది కొత్తగ మొదలైంది అన్నాడు. నేను ఆ అన్నం తిన్నాను, ఎందుకంటే లాలి పెట్టింది. పంటి కింద కరకరలాడింది. తిరిగి వచ్చేదాకా నోరు కడుక్కుంటూనే ఉన్నాను.

ఏప్రిల్ 2

పొయ్యి ఉన్న ఇళ్లలో చాలావాటిలో కాగితాల మీద ఆ పిండే. బరువులన్నీ పెరిగాయి. లెక్కలో చూస్తే పొయ్యి పెట్టాక పొగ ఎక్కువైనట్టు కనిపిస్తోంది. వెంకటరామారావుకు చూపించాను. అది పొగ కాదు కదండీ, మన వేరియబుల్ కాదు అన్నాడు. ఆ అంకెల పక్కన ఔట్‌లయర్ అని, అంటే దారి తప్పిన అంకె అని, రాసి కొట్టేశాడు. కొట్టేస్తున్నంతసేపూ చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటున్నాడు. పుల్ల వాసన చూసి పక్కన పెట్టాడు.

మరి అదేమిటి అని నేను ఇంకోసారి అడగలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, నాకూ తీరిక లేదు. పురుగేదో తింటోంది అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదు.

ఏప్రిల్ 7

శ్రీరామనవమి. భద్రాచలంలో క్యూ సమీకరణాల ఆయన జనంలో ఇరుక్కుని సొమ్మసిల్లాడట. ఈ ఊళ్లో నాకు దొరికిన సంతోషం ఇదొక్కటే.

మే 12, హైదరాబాద్

ఎండలకు కాలేజీకి తిరిగి వచ్చాను. హాస్టల్ సాంబారులో బొద్దింక. తీసి పక్కన పెట్టి తిన్నాను. అడవి నన్ను మార్చేసింది.

జూన్ 26, బూర్గంపాడు

వాన ఆలస్యంగా, నిన్న పడింది. ఈ రోజు తండాకు వెళ్లాం. సారంగపాణి కొత్త బ్యాటరీలు పట్టుకుని ఈల వేస్తూ వచ్చాడు.

ఇళ్ల ముందు ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. లాలి ముందు చాటలో విత్తనాలు. సొరకాయ బుర్ర బోర్లించి ఉంది. విత్తనాలు అనకూడదు. పొట్టు, పిండి, నల్లటి ముక్క పురుగులు. పురుగులు చాట అంచు ఎక్కి కింద పడి మళ్లీ ఎక్కుతున్నాయి. జొన్నలు వేలితో నొక్కితే లోపల ఏమీ లేదు. మక్క కంకులు చేత్తో పట్టుకుంటే బొరుగుల్లా రాలాయి. కందులకు చిల్లులు.

నాకు వాంతి వచ్చింది. ఇంటి వెనక్కి వెళ్లి చేసుకున్నాను. పురుగుల వల్ల కాదు.

పొయ్యి పెట్టిన ఇళ్లన్నిటిలో ఇదే. పొయ్యి లేని ఇళ్లలో బుర్రలు మసితో నల్లగా ఉన్నాయి, లోపల గింజ గట్టిగా ఉంది. దేవ్లి ఇంట్లో మేం దించి చూశాం. నిగనిగలాడుతున్నాయి. పొగ ఆ గింజలకు కాపలా అని ఇప్పుడు అందరికీ అర్థమైంది. ముందు ఎవరికీ తెలియదు. వాళ్లకు కూడా తెలియదు. అవి అక్కడ ఎందుకు కడతారని అడిగితే హాతీరాం, పెద్దలు గాడ్నే కట్టిండ్రు, మేమూ గాడ్నే కడుతున్నం అన్నాడు. లాలి ఎలకలు అందుకోవని అనుకునేదట. నేనైతే తోమించి ఫొటో తీశాను.

పూల్‌సింగ్ గడ్డపార తీసి పొయ్యి పగలగొట్టబోయాడు. లాలి పొయ్యికి అడ్డం కూర్చుంది. నన్ను గొట్టు, పొయ్యిని గొట్టకు, కండ్లు తెరిచినంక మల్ల మూస్కోమంటే ఎట్ల అంది. వాన పడి చేను తడిసి ఉంది. చల్లడానికి గింజ లేదు. అయినా ఆమె లేవలేదు.

సారంగపాణి ఖాళీ బుర్ర చేతిలో పట్టుకుని చాలాసేపు దాని లోపలికి చూశాడు.

జూన్ 27

ప్రొఫెసర్ గారు భద్రాచలం వచ్చారు. ముగ్గురం వెళ్లాం. విత్తనాల సంగతి చెప్పాను. ఆయన విన్నారు. ఇది మన ఆబ్జెక్టివ్స్‌లో లేదు కదమ్మా అన్నారు. అగ్రికల్చర్ వాళ్ల సబ్జెక్టు, మనం వేలు పెట్టకూడదు అన్నారు. పొగ పొయ్యి లోంచి గొట్టానికి వెళ్లే ముందు విత్తనాల పెట్టె గుండా తిప్పితే ఎలా ఉంటుంది సార్ అని సారంగపాణి కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. బాగుంది, వచ్చే బ్యాచ్‌లో ఎవరికైనా టాపిక్‌గా ఇద్దాం, నువ్వు మాత్రం నీది ముగించు అన్నారు. వక్కపొడి ఆ బొమ్మ మీద పడింది. చేత్తో తుడిచారు, గీతలు అలుక్కుపోయాయి.

అప్పుడు నాకు ఒళ్లు మండి చిట్టీలు మార్చిన సంగతి కూడా చెప్పేశాను. వెంకటరామారావు కుర్చీలోంచి లేచాడు. తండాకు విత్తనం లేదన్నప్పుడు లేవనివాడు ఇప్పుడు లేచాడు. రాండమైజేషన్ నాశనం చేశారు ప్రమీల గారూ, ఇంత అన్యాయమా అన్నాడు. అన్యాయం అనే మాట ఆ గదిలో మొదటిసారి వినిపించింది. లాలి ఇల్లూ దేవ్లి ఇల్లూ డేటా నుంచి తీసేయాలని తేల్చాడు.

జూన్ 30

హాతీరాం తండా అందరినీ కూర్చోబెట్టాడు. మమ్మల్ని పిలవలేదు, మేమే వెళ్లి పక్కన నిలబడ్డాం. వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. తర్వాత పూల్‌సింగ్ నాకు తెలుగులో చెప్పాడు. మొత్తం చెప్పాడో, తగ్గించి చెప్పాడో తెలియదు.

పాత పొయ్యి ఇళ్లవాళ్లు ఈ ఏడు అందరికీ తలా కొంత గింజ ఇస్తారు. పలచగా చల్లుకోవాలి. కొత్త పొయ్యిలు ఎవరూ పగలగొట్టక్కర్లేదు. ఆడవాళ్లందరూ లాలి లాగే మొండికేశారు. అయితే వచ్చే పంట నుంచి తండా విత్తనం అంతా ఒకే ఇంట్లో, దేవ్లి పొయ్యి మీద కడతారు. ఆ పొయ్యి ఆరకూడదు. ఇల్లిల్లూ కట్టెలు తెచ్చి వెయ్యాలి. దేవ్లి ఒప్పుకుందట. ముసలమ్మ గర్వంగా కూర్చుని ఉంది, చుట్ట వెలిగించుకుని.

ఇంకొక మాట కూడా అన్నారు. ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది లాలి కాబట్టి లాలి తప్పు ఉంది. పైగా ఆ పొయ్యి ఆమెది కాదు. దేవుని చిట్టీలో పొగ లాలికి వచ్చింది, పొయ్యి దేవ్లికి వచ్చింది. మార్చుకున్నారు. దేవ్లి ఉన్నంతకాలం సరే. దేవ్లికి చేతగానినాడు ఆ పొగలో కూసునేది లాలియే అని హాతీరాం తీర్పు చెప్పాడు.

అది దేవుని చిట్టీ కాదు, మా చిట్టీ, మార్చింది నేను అన్నాను. గట్టిగానే అన్నాను. హాతీరాం మర్యాదగా విన్నాడు. చెంబులోంచి తీసింది లాలి చెయ్యే గద డాక్టరమ్మా అన్నాడు.

సెప్టెంబర్ 9

చేలు పలచగా మొలిచాయి. మొలిచాయి, అంతే. లాలి కళ్లు తెల్లగా, బాగున్నాయి. నాతో ముందులాగే మాట్లాడుతుంది. నేనే ముల్లు అంకె రాసుకుని త్వరగా వచ్చేస్తాను.

1988 ఫిబ్రవరి 14

పంట వచ్చింది. దేవ్లి ఇంట్లోకి వంగి వెళ్లాను, వంగే వెనక్కి వచ్చాను. తండా బుర్రలన్నీ అక్కడే, కంకులన్నీ అక్కడే. వాసాలు కనిపించడం లేదు. ముసలమ్మ ఆ కింద కూర్చుని పచ్చి పుల్లలు ఎగదోస్తోంది. పచ్చివైతే పొగ బాగా వస్తుంది. మనిషి కనిపించదు, దగ్గు వినిపిస్తుంది. ముప్పొద్దులా అక్కడే. తుడిచిన గొట్టం ఇస్తే ఊదలేకపోయింది. ముల్లు లేచీ లేవనట్టు కదిలి పడిపోయింది. తెమడ రంగు అడగలేదు. నేల మీద ఉంది.

బయట ఇళ్లలో ఆడవాళ్లు హాయిగా వండుకుంటున్నారు. తన ఇంట్లోకి వచ్చి ఉండమని కొడుకు హాతీరాం అడిగితే, గింజలు ఎవడు చూస్తడు అందట.

దగ్గు మందు ఇచ్చాను. పొయ్యి ఆర్పమని చెప్పాలి. డాక్టరుగా అదే చెప్పాలి. చెప్పలేదు.

మార్చి 5, బూర్గంపాడు

వెంకటరామారావు పొద్దున్నే నా తలుపు కొట్టాడు. పళ్లు తోముకోలేదు, ఆ నోటితోనే ఆనందం. రిజల్ట్ వచ్చిందట. కిందటేడు దాకా రెండు గ్రూపులకూ తేడా పెద్దగా లేదు, ఇప్పుడు హైలీ సిగ్నిఫికెంట్. కంట్రోల్ గ్రూప్ బాగా పడిపోయింది కాబట్టి పొయ్యి ఉన్న గ్రూప్ ఎంతో మెరుగ్గా కనిపిస్తోంది. కాగితం చూశాను. పడిపోయింది గ్రూప్ కాదు, దేవ్లి. ఆ ఇల్లు తీసేశాం కదా అన్నాను. ఆలోచించి మళ్లీ కలిపానండీ, తీసేయడం శాస్త్రీయం కాదు అన్నాడు. నిరుడు కలపడం శాస్త్రీయం కాదన్న మనిషి.

మన పొయ్యి ఇళ్ల గింజల కోసమే ఆమె పొగలో కూర్చుందని చెప్పాను. అందరి పొగా ఆమె ఒక్కతే పీలుస్తోందని చెప్పాను. కారణం మనకు అక్కర్లేదండీ, తేడా ఉంటే చాలు అన్నాడు.

పద్మావతమ్మ గారు ఇద్దరికీ కాఫీ తెచ్చారు. అతని ఎదురుగా తాగలేక మొక్కలో పోశాను.

ఏప్రిల్ 18, హైదరాబాద్

విత్తనాల మీద, దేవ్లి మీద ఒక అధ్యాయం రాశాను. ప్రొఫెసర్ గారు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశారు. చివరి పేజీలో, విత్తనాల నిల్వపై మరింత పరిశోధన అవసరం అని ఒక్క వాక్యం ఉంచారు. చిట్టీలు మార్చిన సంగతి కూడా తీసేశారు. ఉంటే మూడు థీసిస్‌లూ పోతాయి అన్నారు. సారంగపాణి వాళ్ల అమ్మను కూడా గుర్తు చేశారు, అతనికి ఉద్యోగం రావాలి కదా అని.

లాలి బుర్రలు తోమిన ఫొటో ఉంచారు. చాలా బాగుందట. అట్ట లోపలి పేజీలో వేశారు.

నేను సంతకం పెట్టాను. వెంకటరామారావు మీద, వక్కపొడి మీద ఇన్ని పేజీలు అసహ్యపడ్డాను. సంతకం పెట్టిన చెయ్యి నాదే. సబ్బు పెట్టి కడుక్కున్నాను, కడుక్కుంటే పోయేది కాదని తెలిసీ.

జూన్ 3, హైదరాబాద్

వైవా అయింది. ఎక్స్‌టర్నల్ ఒకే ప్రశ్న అడిగాడు. కంట్రోల్ గ్రూప్ ఎందుకు అంతలా పడిపోయింది? ప్రొఫెసర్ గారు నా కంటే ముందు, ఎండలు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లడ్డూలు పంచారు, నెయ్యి కంపు కొట్టాయి.

జూలై 8

తండాకు వెళ్లాను. ఎవరూ పంపలేదు.

దేవ్లి పోయింది. విత్తనాలు దించి పంచిన మర్నాడు పోయిందట. ఈ ఏడు చేలు ఒత్తుగా మొలిచాయి.

ఆ ఇంటికి కొత్త కప్పు వేశారు, యాసంగికి దాచిన గింజ పోసి మళ్లీ బుర్రలు కట్టారు. పొయ్యి ఆరలేదు. లోపల లాలి. ఊదుడు గొట్టం తెచ్చినవా డాక్టరమ్మా అని అడిగింది. తేలేదన్నాను. పక్కకు జరిగి నాకు చోటు చూపించింది. కూర్చున్నాను. ఆమె ముఖం నాకు కనిపించలేదు.